పిడి అటు, మొన ఇటు

ఆ రోజు మార్చి పదకొండు, ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో బ్రెడ్డూ ఆమ్లెట్టూ. బ్రెడ్డు ముక్కలు కోయకుండా దిమ్మలాగే బల్ల మీదికొచ్చింది. ఇంట్లో నలభై నాలుగు కత్తులున్నాయి. ఆ బ్రెడ్డును మాత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరం చెరోవైపు పట్టుకుని చేతులతో పీక్కుని తిన్నాం.

కారణం చెబుతాను. వాటిలో నలభై మూడు నావి. అద్దాల బీరువాలో, నూనె గుడ్డ మీద, ఒక్కొక్కటీ తన చీటీ పక్కన పడుకుని ఉంటుంది. వాటితో బ్రెడ్డు కోయడమంటే నా దృష్టిలో పెళ్లిబట్టలు కట్టుకుని అంట్లు తోమడమే. ఇక వంటింటి కత్తి. దానికి ప్రతి ఆదివారం పదును పెట్టేది మా బావమరిది. వాడు మూడు వారాలుగా రావడం లేదు. అప్పటికి ఆ కత్తి కంటే మా ఆవిడ చూపే పదునుగా ఉంది.

వాడు ఎందుకు రావడం లేదో ఆవిడకి తెలియదని నేను అనుకుంటున్నాను. నా జీవితంలో ఇలాంటి అనుకోవడాలు చాలా ఉన్నాయి.

“ఏమండీ, వాడికి ఒంట్లో ఎలా ఉందో! ఒక్కసారి ఫోన్ చెయ్యకూడదూ?”

“హాస్టల్లో పని ఎక్కువై ఉంటుందిలే.”

“పని ఎక్కువైతే సరిగ్గా ఆదివారమే ఎక్కువవుతుందా?”

నేను బ్రెడ్డు నమిలాను. నోట్లో బ్రెడ్డుంటే జవాబు చెప్పక్కర్లేదు. అదొక సౌకర్యం.

మా బావమరిది ఒక పెద్ద హాస్టల్లో వంటవాడు. రోజుకి ముప్పై కిలోల ఉల్లిపాయలు తరుగుతాడు. వాడి దగ్గరున్నవి రెండే కత్తులు, రెండూ పనిచేస్తాయి. ఆదివారం పదింటికల్లా మా ఇంటికి వచ్చి, వంటగదిని స్వాధీనం చేసుకుని, అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంకో స్టూలు మీద ఆవిడ కాళ్లు పెట్టించి, వండుతూ నన్ను వెక్కిరించేవాడు. ఆవిడ పకపకా నవ్వేది. వారమంతటిలో ఆవిడ కూర్చుని నవ్వే రోజు అదొక్కటే. అమ్మా నాన్నా లేని మనిషికి పుట్టిల్లంటే ఆ ఆరడుగుల వంటవాడే.

అలాంటివాణ్ణి నేను వెళ్లగొట్టాను. ఇంట్లోంచి కాదు, గ్రూపులోంచి.

కత్తులు సేకరించేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపొకటి మాకుంది. సభ్యులు మూడు వందల పన్నెండుమంది. కత్తుల వాళ్లంటే మీరేదో అనుకుంటారు గానీ, అందరూ సాధుజీవులే. సగంమందికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఉక్కు గురించి మాటొచ్చిందా, ఒకరి వంశాన్ని ఒకరు మూడు తరాల దాకా తవ్వుకుంటారు. నేను కాలేజీ లైబ్రరీలో ఇరవై ఎనిమిదేళ్లు ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కింద కూర్చున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హత చూసి నన్ను అడ్మిన్‌ని చేశారు.

అడ్మిన్ హోదాలో ఒకరోజు నా కొత్త కత్తి ఫోటో పెట్టాను. కొమ్ము పిడి. రెండు వందల ఏళ్ల నాటిదని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు. అందరూ ‘ఆహా’ అంటుండగా మా బావమరిది రాశాడు: “బావా, పిడి బాగుంది. కత్తేది?”

అరవై ఒక్కమంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను లెక్కపెట్టాను. రెండుసార్లు.

తరవాత ‘సభ్యుల మధ్య స్నేహపూర్వక వాతావరణం కాపాడే’ నిమిత్తం వాణ్ణి ముప్పై రోజులు బయట పెట్టాను. ఆ ఆదివారం నుంచి వాడు మా ఇంటి వాతావరణం కూడా కాపాడటం మొదలుపెట్టాడు. అంటే రావడం మానేశాడు.

బ్రెడ్డు తిన్న మధ్యాహ్నం నేను మంచం మీద వెల్లకిలా పడుకుని పథకం వేశాను. వాడు తిరిగి రావాలి. నేను క్షమాపణ చెప్పకూడదు. మా ఆవిడకి అసలు సంగతి తెలియకూడదు. మూడు పిట్టలు, ఒక్క రాయి.

కత్తుల వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎవరికైనా కత్తి అందించేటప్పుడు పిడి అటు, మొన ఇటు ఉండాలి. తీసుకునేవాడు పిడి గట్టిగా పట్టుకుని ‘అందింది’ అనాలి. ఆ మాట వినపడేదాకా ఇచ్చేవాడు వదలకూడదు. దీన్నే గ్రూపులో మాటలకి కూడా పెట్టేశాను. ఎవరినైనా విమర్శించాలంటే ముందు ఒక మంచి మాట అనాలి, అది పిడి. అవతలివాడు తనకేం అర్థమైందో తిరిగి చెప్పి ‘అందింది’ అనాలి. ఆ తరవాతే జవాబు. చివర్లో చిన్న అక్షరాలతో: ‘ఈ శుభసందర్భంలో పాత శిక్షలన్నీ రద్దు.’ శిక్ష పడ్డవాడు మొత్తం ఒక్కడేనన్న సంగతి రాయలేదు.

గర్వంగా మా ఆవిడకి చదివి వినిపించాను.

“అంటే ముందు మెచ్చుకుని తరవాత తిట్టాలి. అంతేగా?”

“తిట్టడం కాదు, విమర్శ.”

“సరే. మీ చొక్కా చాలా బాగుందండీ.”

“సంతోషం.”

“సంతోషం కాదు, ‘అందింది’ అనాలి.”

“అందింది.”

“మూడు రోజుల నుంచీ అదే బాగుంటోంది. విప్పి బకెట్లో పడెయ్యండి.”

మొదటి రెండు రోజులూ గ్రూపు గుడిలా ఉంది. మూడోరోజు తుప్పు మాస్టారు ఒక ఫోటో పెట్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కత్తులన్నీ తుప్పు పట్టినవే, దాన్ని ‘వయసు తెచ్చిన కాంతి’ అంటారు. దానికి పళ్ల డాక్టరు, నియమం ప్రకారం, ఇలా రాశాడు: “మాస్టారూ, రంగు సాయంత్రపు ఆకాశంలా ఉంది. వర్షంలో మరిచిపోయారా?”

మాస్టారు: “అందింది. నా కత్తి అందంగా ఉందనీ నేను మతిమరుపు ముసలాణ్ణనీ మీరన్నట్టు అర్థమైంది.”

డాక్టరు: “అందింది. మిమ్మల్ని ముసలాడని నేనన్నట్టు మీకు అర్థమైందని నాకు అర్థమైంది.”

మాస్టారు: “అందింది. నాకు తప్పుగా అర్థమైందని మీకు అర్థమైనట్టు నాకు అర్థమైంది.”

ఇక చూడండి. ఎదుటివాడి మాట అందిందని చెప్పందే జవాబివ్వకూడదు. అందిందని చెప్పడం కూడా ఒక మాటే. అది అందిందని అవతలివాడు చెప్పాలి. ఇద్దరూ నిజాయితీపరులు, నియమం తప్పరు. సాయంత్రానికి నూట నలభై ‘అందింది’లు. జవాబు దాకా ఒక్కడూ చేరలేదు. ఒక్కొక్క దానికీ నా ఫోను టింగుమంటుంది.

“ఏమిటండీ అది, ఇంట్లో గంటలు కొడుతున్నారు?”

“ఇద్దరు పెద్దమనుషులు మర్యాదగా మాట్లాడుకుంటున్నారు.”

“కొట్టుకున్నప్పుడే నయం. తొందరగా అయిపోయేది.”

నాలుగోరోజు మాస్టారికి పంటినొప్పి రావడం గ్రూపుకి జరిగిన మేలు. ఊళ్లో ఇంకో డాక్టరు లేడు. వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చున్నారు. నోరు తెరిచి ఉన్న ముప్పావుగంటలో ఆయన ‘అందింది’ అనలేకపోయారు, డాక్టరు మాత్రం మనసులో ఉన్నదంతా చెప్పేసుకున్నాడు. లేచేసరికి ఇద్దరూ స్నేహితులు. నా నియమం చేయలేని పని ఒక పిప్పిపన్ను చేసింది.

నా అసలు గొడవ మాత్రం తీరలేదు. మా బావమరిది గ్రూపులోకి తిరిగొచ్చాడు. వచ్చి ఇలా రాశాడు:

“గౌరవనీయులైన బావగారికి నమస్కారం. తమరి కత్తి పిడి పనితనం చూసి ధన్యుణ్ణయ్యాను. మిగతా భాగం గురించి మాట్లాడే అర్హత నాకు లేదండీ.”

ఒక్కరూ నవ్వలేదు. స్నేహపూర్వక వాతావరణానికి భంగం రాలేదు. నాకే అన్నం దిగలేదు. పదిహేడేళ్లుగా వాడు నన్ను ‘బావా, నువ్వు’ అంటూ వచ్చాడు. ఒక్కపూట కూడా మర్యాద ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడిచ్చాడు. ఆ ‘గారు’, ఆ ‘అండీ’ గొంతులో చేపముల్లులా అడ్డం పడ్డాయి. లాభం లేదని ఫోన్ చేసి, ఆదివారం వస్తావా అని అడిగాను. “తమరికి శ్రమ ఎందుకండీ” అన్నాడు.

ఆదివారం వచ్చింది. బ్రెడ్డొచ్చింది. మా ఆవిడ రెండో స్టూలు మీద కాళ్లు పెట్టుకోలేదు. దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టి ఉంది.

“మా తమ్ముడు గ్రూపులో మీతో ఎంత మర్యాదగా ఉంటున్నాడో!” అంది.

“నీకెలా తెలుసు?” నేను ఉలిక్కిపడ్డాను.

“అందరూ మర్యాదగా ఉంటున్నారని మీరేగా చెప్పారు.”

“ఓ, అదా.”

“అయినా ఆ కొమ్ము పిడి కత్తి మంచిదో కాదో ఫోటో చూసి వాడేం చెబుతాడు? చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది గానీ. సాయంత్రం రమ్మన్నాను. మీరే స్వయంగా చేతికివ్వండి. మీ వాళ్ల మర్యాద ప్రకారం.”

ఆవిడ తనంతట తానే వాణ్ణి రప్పిస్తోంది! నా పథకం పండింది. చొక్కా కూడా మార్చాను.

అయిదింటికి గంట మోగింది. తలుపు తీశాను. గడప అవతల మా బావమరిది, చేతిలో కూరగాయల సంచి.

“బాగున్నారా, బావగారూ?”

“ఆఁ, రా రా. ఇదిగో, చూడు.” వెన్ను వైపు నుంచి కత్తి అలుగు పట్టుకుని, పిడి వాడి వైపు చాపాను.

వాడు సంచి కింద పెట్టి, పిడి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనడు.

“అను మరి.”

“ఏమనమంటారండీ?”

“అందిందని.”

“ఇంకా అందలేదండీ.”

“పిడి నీ చేతిలోనే ఉందిగా!”

“తమరి నియమమేనండీ. అందిందో లేదో తీసుకునేవాడు చెప్పాలి.”

వదలడానికి లేదు. మూడు వందల పన్నెండుమందికి నేనే రాసిచ్చిన నియమం. వాడు పిడి వదలడు, నేను అలుగు వదలను. మెట్ల మీద వెళ్తున్న ఎదురింటాయన మా ఇద్దర్నీ, మధ్యలో కత్తినీ చూసి, బజారుకి వెళ్లాల్సినవాడు తిరిగి ఇంట్లోకెళ్లి గడియ పెట్టుకున్నాడు.

“ఏమేవ్! వీడు చూడు!”

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా అంది: “వాడికి ముట్టాల్సింది కత్తి కాదులెండి. ముట్టాల్సిందేదో ఇచ్చెయ్యండి. కూర పొయ్యి మీద పెట్టాలి.”

అప్పటికి నాకు తెలిసింది, ఆవిడకి తెలుసని.

నేను నేల చూశాను. వాడి చెప్పులు చూశాను. వాటికి సమాధానం చెబుతున్నట్టుగా అన్నాను: “నువ్వన్నది నిజమేరా. ఇది మొద్దుకత్తి. ఆ సంగతి నాకు కొన్న రోజే తెలుసు. నా కోపం నువ్వు అన్నందుకు కాదు. అరవై ఒక్కమంది నవ్వినందుకు. దానికి నిన్ను బయట పెట్టడం నా తప్పు.”



“అందింది, బావా.”

చెయ్యి వదిలేశాను. అరచెయ్యి తిప్పి చూసుకున్నాను. గీత కూడా లేదు.

“దేనికా చూసుకోవడం?” అన్నాడు వాడు కత్తిని వెలుతురుకి పట్టి. “దీంతో తెగాలంటే నువ్వు ముందు ఉడకాలి. రెండు వందల ఏళ్లంట! నేను పుట్టాక పుట్టింది ఇది. నీకు అమ్మినవాడు కూడా చిన్నపిల్లాడే అయ్యుంటాడు.”

లోపలినుంచి పకపకా నవ్వు వినపడింది. ఉల్లిపాయల బుట్ట కిందికి దిగింది. కాళ్లు స్టూలెక్కాయి.

అన్నాల దగ్గర మిగతాది బయటపడింది. నేను వాణ్ణి బయట పెట్టిన అరగంటలోనే వాడు అక్కకి ఫోన్ చేశాడట. అప్పటినుంచీ ఆవిడ ‘కుట్టు నేర్చుకోవడానికి’ అని నాతో చెప్పి ప్రతి బుధవారం వెళ్లింది వాడి హాస్టలు వంటశాలకి. అక్కడ కడుపునిండా కూరలు తిని, నా మీద జోకులు విని, ఇంటికొచ్చి నాకు బ్రెడ్డు పెట్టేది.

“అంటే ఇన్ని వారాలూ శిక్ష నాకొక్కడికేనా?”

“మీరేగా వేశారు,” అంది, నా కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ. “మీకే పడింది.”

“మరి అడక్కపోయావా?”

“ఎన్నాళ్లు బ్రెడ్డు తింటారో చూద్దామనుకున్నాను. మీ దవడ గట్టిదండీ.”

ఆ రాత్రే ‘అందింది’ నియమం ఎత్తేశాను. దాని బదులు ఆవిడ చెప్పిన వాక్యం పెట్టాను: ఎదురుగా కూర్చుని, ఒకే గిన్నెలో కూర వడ్డించుకుంటూ అనగలిగే మాటైతే రాయండి, లేకపోతే మానండి. గ్రూపు ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. వెక్కిరింతలు పెరిగాయి, తగువులు తగ్గాయి.

ఆవిడ పోయి ఆరేళ్లయింది. బావమరిది ఆదివారాలు మానలేదు. పదింటికి వస్తాడు, వండుతాడు, నా కత్తుల్ని పేరుపేరునా తిడతాడు. చీకటిపడ్డాక గిన్నెలన్నీ కడిగి, సోమవారానికి కూడా కూర తీసి ఫ్రిజ్‌లో పెట్టి చెప్పులేసుకుంటాడు. అప్పటికి నేను కుర్చీలో కళ్లు మూసుకుని ఉంటాను. వెళ్లొస్తానని వాడూ, వెళ్లిరమ్మని నేనూ అనుకోవడం ఇద్దరికీ చేతకాదు.

పోయిన ఆదివారం దుప్పటి తెచ్చి నా కాళ్ల మీద కప్పాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“గురక పెట్టడం మర్చిపోయావు, బావా,” అన్నాడు.

నేను వెంటనే మొదలుపెట్టాను. వాడు నవ్వును నోట్లోనే అదిమిపెట్టుకుని, దీపం తీసేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.