కాంటా కాడ సగం సినిమా

ఆ రోజు పొద్దున చాయ్ గ్లాసు చేతికి రాకముందే ఆత్మారాం ఆ ఏడాది వ్యాపారాన్ని రెట్టింపు చేసేశాడు. మనసులోనే అనుకోండి. కానీ అతని మనసులో ఒకసారి అయిపోయిన పని బయట కాకపోవడమన్నది అతనికి నమ్మశక్యం కాని విషయం.

నిజామాబాద్ గాంధీచౌక్ దగ్గర అతనిది ఎలక్ట్రానిక్స్ దుకాణం. రేడియోల రిపేరుతో మొదలై, టేప్‌రికార్డర్ల మీదుగా రంగుల టీవీల దాకా వచ్చింది. ఎనభై ఏడులో దసరా దాటాక టీవీ కంపెనీ ఏరియా మేనేజరు హైదరాబాద్ నుంచి దిగాడు. మార్చిలోపు అమ్మకాలు రెట్టింపు కాకపోతే డీలర్‌షిప్ బస్టాండ్ దగ్గర కొత్తగా వెలిసిన దుకాణానికి ఇచ్చేస్తామన్నాడు. ఆ మాట చెప్పి, ఆత్మారాం తెప్పించిన మిర్చి బజ్జీలన్నీ తిని వెళ్ళిపోయాడు. ఇంకొకరైతే ఆ బెంగతో మంచం పట్టేవారు. ఆత్మారాం బోధన్‌లో ఇంకో దుకాణం తెరిచాడు.

"ఉన్న దుకాణానికే గిరాకీ లేదంటే ఇంకోటి ఎందుకయ్యా?" అని భార్య సుమిత్రమ్మ అప్పుడే అడిగింది.

"ఈడ లేదు కాబట్టే ఆడ తెరిచిన," అన్నాడు ఆత్మారాం.

బోధన్‌లోనూ గిరాకీ కనిపించలేదు. అందుకే ఈ పొద్దుటి కొత్త ప్రణాళిక.

"సూడు సుమిత్రా, పైసలు ఎక్కడుంటే మనం అక్కడికి పోవాలె. ఇప్పుడు ఈ జిల్లాల పైసలు ఎవలకాడున్నయి? చెరుకు రైతుల కాడ. వాళ్ళు ఎక్కడున్నరు? కోటగిరి తొవ్వల కాంటా కాడ, బండ్ల లైన్ల. వంతు వచ్చే దాంక ఏం చేస్తరు? బీడీలు తాగుతరు, ఎడ్లను సూస్తరు. ఎంతసేపని సూస్తరు ఎడ్లను? గాళ్ళ ముంగట ఒక రంగుల టీవీ పెట్టినమనుకో!"

"సూస్తరు."

"ఆ! నువ్వే అన్నవు."

"సూస్తరయ్యా. కొంటరా అని అడుగుతున్న."

ఆ ప్రశ్న ఆత్మారాం చెవిన పడలేదు. అప్పటికే అతను చెప్పులు వేసుకున్నాడు.

కోటగిరి వైపు పండిన చెరుకంతా ముందు ఆ కాంటా దగ్గర తూకం వేసి, లారీల్లో చక్కెర ఫ్యాక్టరీకి పంపుతారు. కాంటా ఒక్కటే. బండ్లు మాత్రం కాలువ కట్ట పొడవునా బారులు తీరి ఉంటాయి. దారికి ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిమడి. ముందు బండి కదిలితేనే వెనక బండి కదలాలి. రెండో కాంటా పెట్టండి అని రైతులు అడిగీ అడిగీ, ఇక అడగడమే మానేశారు.

కాంటా గుమాస్తా ముత్తన్న తన గదిలోంచి కరెంటు తీసుకోనిచ్చాడు. దానికి ప్రతిఫలంగా తన కుర్చీ అందరికంటే ముందు వేయించుకున్నాడు. లింగం టీవీ, వీసీఆరు బిగించాడు. లింగం రేడియోల కాలం నుంచి ఆత్మారాం దగ్గరే ఉన్న మెకానిక్కు. ఎంత పాడైన సెట్టునైనా పలికిస్తాడు, ఏ వస్తువు ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తుండదు. అద్దెకు తెచ్చిన క్యాసెట్టు పెట్టాడు. అత్తాకోడళ్ళ సినిమా. జనం మెల్లగా చేరారు. కాసేపటికి ఎడ్ల పక్కన ఎవరూ లేరు.

ఆత్మారాం ఒక పక్కన నిలబడి రైతుల ముఖాలు చూస్తున్నాడు. ఒక్కొక్క ముఖంలో అతనికి ఒక్కొక్క టీవీ కనిపిస్తోంది. తెర మీద అత్త తన గొలుసు తనే దాచి, కోడలు దొంగిలించిందని అరిచింది. లైనులో మొదటి బండి పోశన్నది. అతను తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీ ముసల్దాన్ని..." అని పళ్ళు కొరికాడు. అత్త కోడల్ని వానలోకి గెంటేసింది. సరిగ్గా అప్పుడే మొగుడు గొడుగు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. పెళ్ళాన్ని చూశాడు. నోరు తెరిచాడు.

తెర మీద చుక్కలు వచ్చాయి.

"ఏమైందిరా?" అన్నాడు ఆత్మారాం.

"ఒకటో భాగం అయిపోయింది సేటూ. పెద్ద సినిమా గద, రెండు క్యాసెట్లు," అంటూ లింగం సంచీలో చెయ్యి పెట్టాడు. చెయ్యి లోపలే చాలాసేపు ఉండిపోయింది. "రెండోది... మీ ఇంట్లనే ఉన్నట్టుంది."

జనంలోంచి లేచిన మూలుగుకు ఎడ్లు కూడా తలలెత్తాయి. లింగం దొరికిన బస్సెక్కి నిజామాబాద్ పరిగెత్తాడు. ముత్తన్న కుర్చీలోంచి అయిష్టంగా లేచి, "పోశన్నా, నీ వంతు. బండి కట్టు," అన్నాడు.

"కట్ట."

"కట్టవా?"

"గా పిల్ల వానల నిలవడ్డది. మొగడు ఏమంటడో తెల్వది. ఇప్పుడు నేను కాంటా ఎక్కితే సీదా ఇంటికి పోవుడే గద! మల్ల నాకెవడు చెప్తడు? రెండోది వచ్చే దాంక నా బండి కదలది."

వెనక ఉన్నవాళ్ళు కోప్పడతారని ముత్తన్న ఆశపడ్డాడు. వెనకవాళ్ళు పోశన్నను మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే ముత్తన్నకు కూడా ఆ మొగుడు ఏమంటాడో తెలుసుకోవాలనే ఉంది. అందుకే రెండోసారి గట్టిగా అడగలేదు.

సాయంత్రం కాంటా గదిలో ఫోను మోగింది. లింగం.

"సేటూ, సుమిత్రక్క రెండో క్యాసెట్టును వీడియో షాపోనికి వాపస్ ఇచ్చిందట. వాడు నందిపేటల ఎవలకో కిరాయికిచ్చిండు."

"ఉత్త రెండోదా? ఒకటోది లేకుంట ఎవలు తీసుకపోతర్ర?"

"వాళ్ళు ఒకటోది ఇదివరకే సూసిండ్రట సేటూ. వాళ్ళు గూడ మన లెక్కనే నిలవడ్డరట. నేను నందిపేట బస్సు పడుతున్న."

ముత్తన్న బయటికి వచ్చి, "రెండోది నందిపేటల ఉన్నదట! వస్తది!" అని ప్రకటించాడు. రైతులు గడ్డి పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, నింపాదిగా పడుకున్నారు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి కోటగిరి చెరుకు రాలేదు. చెరుకు సంగతులు చూసే ఫ్యాక్టరీ కేన్ ఆఫీసరు ఫోను చేస్తే ముత్తన్న ఉన్న మాటే చెప్పాడు. "సార్, బండ్లు కదుల్తలెవ్వు. రెండోది వచ్చే దాంక కదలమంటుండ్రు." లైనులో గరగరమన్న శబ్దం మధ్య ఆఫీసరుకు రెండు మాటలే వినిపించాయి. కదలరట. రెండోది కావాలట. ఇంకేం చెప్పాలి? రెండో కాంటా కోసం సమ్మె!

ఈ కబురు ఫ్యాక్టరీలోంచి బోధన్ బజారుకు, బజారులోంచి పక్క కాంటాలకు పాకింది. కోటగిరి వాళ్ళు ఎందుకు ఆపారో తెలియకపోయినా, ఆపారంటే కారణం ఉండే ఉంటుందని పక్క కాంటాల వాళ్ళు కూడా బండ్లు ఆపేశారు. ఎక్కడి నుంచో ఒక జెండా వచ్చింది. జెండాతో పాటు వచ్చినాయన "రెండోది!" అని అరిస్తే, పోశన్న బృందం మనస్ఫూర్తిగా "రావాలె!" అని అందుకుంది. వాళ్ళ గొంతుల్లో ఉన్న ఆవేదన చూసి జెండా ఆయనకే కళ్ళు చెమర్చాయి.

దూరంగా కట్ట మీద జీపు దుమ్ము కనిపించింది. వెనక ఇద్దరు పోలీసులు. ఆత్మారాంకు అప్పుడుగానీ తను చేసింది గుర్తుకు రాలేదు. పైవాళ్ళను అడగకుండా ఫ్యాక్టరీ కరెంటు వాడుకున్నాడు, చెరుకు క్రషింగ్ ఆపించాడు. ఇక డీలర్‌షిప్ సంగతి తర్వాత, ముందు జైలు. చటుక్కున వైరు పీకేసి, టీవీ మీద, వీసీఆరు మీద చెరుకాకు కుప్పగా పోసి, ఆ కుప్పకు ఆనుకుని అలసిపోయిన రైతులా కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటు మాత్రం దాచలేకపోయాడు.

కేన్ ఆఫీసరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. జీపు దిగి, గొంతు సవరించుకుని, "ఎందుకు ఆపారయ్యా బండ్లు?" అన్నాడు.

"రెండోది రావాలె సారూ," అన్నాడు పోశన్న.

"ఇన్నేళ్ళూ ఒక్కదానితో సరిపెట్టుకోలేదా?"

"ఒకటోది సూసినంకనే గద సారూ మాకు గీ గోస! సగంల వడ్డం. ముందటికి పోం, ఎనుకకు పోం."

ఆఫీసరు ఆలోచించాడు. ఇంత బాధను ఆయన ఏ అర్జీలోనూ చదవలేదు. "చూడండి, అది తెప్పించడమంటే మాటలా? ఎక్కడి నుంచి తేవాలి?"

"నందిపేటల ఉన్నది గద సారూ!"

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. నందిపేటలో రైతులు చెరుకు మాని పసుపుకు మళ్ళాక, అక్కడి ఫ్యాక్టరీ కాంటా షెడ్డులో ఊరికే పడి ఉన్న మాట నిజమే. ఆఫీసులోనే ఇద్దరికో ముగ్గురికో తెలిసిన సంగతి. "మీకెవరు చెప్పారు?"

"ముత్తన్ననే చెప్పిండు. నిన్ననే ఫోనొచ్చింది."

ముత్తన్న తూకం పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు.

"బస్సుల వేసుకొని వస్తె గీ పాటికే వచ్చేది సారూ," అన్నాడు పోశన్న నిష్ఠూరంగా.

"బస్సులో ఎలా పడుతుందయ్యా? లారీ కావాలి. నలుగురు ఎత్తాలి."

రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నలుగురు ఎత్తేంత ఉందంటే మిగతా కథ బాగా పెద్దదే అయి ఉంటుంది. పోశన్న ముఖం వెలిగిపోయింది. "లారీల తెస్తె ఇంక మంచిది సారూ! పెద్ద మనసు మీది."

"తెప్పిస్తాను. మాట ఇస్తున్నాను," అన్నాడు ఆఫీసరు. "ఈలోపు బండ్లు మాత్రం కదలాలి." అంత పెద్దాయన లారీలో తెప్పిస్తానన్నాక కాదనడం మర్యాద కాదని పోశన్న బండి కట్టాడు. జెండా ఆయన విజయం ప్రకటించి పక్క కాంటాకు బయలుదేరాడు. ఆఫీసరు జీపు ఎక్కబోతూ చెరుకాకు కుప్ప పక్కన ఆగి, "నువ్వు ఏ ఊరి రైతువయ్యా?" అన్నాడు.

"గాంధీచౌక్ సార్," అన్నాడు ఆత్మారాం. ఆఫీసరు తలూపి వెళ్ళిపోయాడు.

చెప్పినట్టే ఆ వారంలో నందిపేట నుంచి లారీ వచ్చింది. రెండో దఫా చెరుకు తెచ్చిన రైతులు దాని చుట్టూ మూగారు. ఇనుప పలకలు, గొలుసులు, తూకం రాళ్ళు దిగుతుంటే పోశన్న లారీ అడుగుదాకా వెతికి, "గిండ్ల గా పిల్ల ఏది?" అన్నాడు. రెండు కాంటాలు నడవడం మొదలైంది. బండి ఇలా వచ్చి అలా తూగి వెళ్ళిపోతోంది. లైను లేదు. ఎదురుచూసేవాళ్ళు లేరు. నందిపేట మీదుగా, అక్కడి నుంచి ఆ క్యాసెట్టు వెళ్ళిన ఆర్మూర్ మీదుగా తిరిగి తిరిగి లింగం రెండో భాగంతో చేరేసరికి కట్ట మీద టీవీ, వీసీఆరు, ఆత్మారాం మాత్రమే మిగిలారు.

"తెచ్చిన సేటూ!" అన్నాడు లింగం.

ఆత్మారాం కోప్పడలేదు. కోప్పడే ఓపిక లేదు. అంతా సర్దుకుని బోధన్ దుకాణంలోకి వచ్చి కూర్చున్నాడు. రెండు రోజులు ఈగలు తప్ప ఎవరూ రాలేదు. డీలర్‌షిప్ పోతే మళ్ళీ రేడియోల రిపేరు చేసుకోవచ్చని అతను ధైర్యం చెప్పుకున్నాడు. ఇప్పుడు రేడియోలు ఎవరూ రిపేరు చేయించడం లేదని గుర్తొచ్చి, ఆ ధైర్యం కూడా వదిలేశాడు.

మూడో రోజు దుకాణం ముందు ఒక ఎడ్లబండి ఆగింది. ముందు ఒక ఆడమనిషి దిగింది, వెనక ఇంకా చాలామంది దిగారు. చివరగా, నేల చూపులు చూస్తూ పోశన్న దిగాడు.

"సేటువు నువ్వేనా?" అంది ముందున్నామె. పోశన్న భార్య హన్మవ్వ.

ఆత్మారాం లేచి నిలబడ్డాడు. తిట్లు తప్పవనుకున్నాడు.

"గా కోడలి సంగతేందయ్యా? గీయన వచ్చినప్పటి సంది గదే ముచ్చట. గొలుసు అత్తనే దాచిందంటడు. మా మరిదేమో ఆడిబిడ్డ దాచిందంటడు. మా పక్కింటాయనైతే అసలు గొలుసే పోలేదంటడు. మొగోళ్ళంత కలిసి సగం సినిమా సూసొచ్చి, ఒక్కడు సక్కగ చెప్తలేడు. మా వాడకట్టుల బీడీలు చేసే కాడ ఎవ్వలకు చెయ్యి ఆడుతలేదు. పెట్టు, మొదటి సంది పెట్టు."

లింగం పెట్టాడు, రెండు భాగాలూ. ఆడవాళ్ళు దుకాణం నిండా కూర్చున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు, బజారు సగం మూసుకుపోయింది. తెర మీద మొగుడు నోరు తెరిచి, చివరికి, "నువ్వు తీయలేదని నాకు తెలుసు" అన్నాడు. పోశన్న తలపాగాతో కళ్ళు తుడుచుకున్నాడు. హన్మవ్వ మాత్రం ఆఖరుదాకా రెప్ప వేయకుండా చూసి లేచింది.

"అత్తనే దాచింది," అంది మొగుడి వైపు తిరిగి. "గంతవరకు నువ్వు చెప్పింది నిజమే. మిగిలిందంత నీ సొంతం." తర్వాత ఆత్మారాం వైపు తిరిగి, "గీ డబ్బా మా ఇంట్ల పెట్టు సేటూ. ఇంకోసారి గీళ్ళు సూసొచ్చి చెప్తే నేను నమ్మ. నా కండ్లతోని నేనే సూస్త."

"చెరుకు పైసలు ఎద్దులకనుకున్నమే..." అన్నాడు పోశన్న సన్నగా.

"ఉన్న ఎద్దులు నడుస్తనే ఉన్నయి."

ఆ మాటతో అది తేలిపోయింది. హన్మవ్వ ఇంట్లో టీవీ పెడితే, ఆమె చెప్పే కథ నమ్మని ఎదురింటావిడ తన ఇంట్లో ఇంకోటి పెట్టించింది. ఒక వాడకట్టు నుంచి ఇంకో వాడకట్టుకు, కోటగిరి నుంచి చుట్టూ ఊళ్ళకు ఆ అపనమ్మకం పాకింది. యాంటెన్నాలు బిగించలేక లింగం భుజాలు పడిపోయాయి. అది చాలదన్నట్టు, ఎందుకైనా మంచిదని ఆత్మారాం అతని సంచీ రోజూ తనే సర్దాడు.

మార్చిలో ఏరియా మేనేజరు డీలర్‌షిప్ రద్దు చేసే మాట జేబులో పెట్టుకుని వచ్చాడు. లెక్కలు చూసి ఆ మాట జేబులోనే ఉంచేశాడు. "పట్నంలో కూడా లేని పెరుగుదల ఇది! ఎలా సాధించారు? మీ వ్యూహం ఏమిటి?"

జరిగిందంతా ఆత్మారాం నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"గ్రామీణ మహిళ మనసు తెలుసుకున్నం సార్. అంతా ముందుగాలనే అనుకొని చేసినం," అన్నాడు.

లోపల బిల్లులు రాస్తున్న సుమిత్రమ్మకు ఎందుకో దగ్గు తెర వచ్చింది.

ఆ వేసవిలో కంపెనీ డీలర్లందరినీ హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటలుకు పిలిచి, ప్రణాళికాబద్ధమైన వ్యాపారం గురించి ఆత్మారాం చేత గంటసేపు మాట్లాడించింది. ఎక్కడా తడబడకుండా మాట్లాడాడు. డీలర్లు ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు.