జహీరాబాద్‌లో ఇరవై డిగ్రీలు

“కూలీల ఎండ బాధ నా బాధ. ఈ థర్మామీటర్ నా చేతిలోంచి కదలదు!” అని కరువు పనుల స్పెషల్ ఆఫీసరు మదన్‌మోహన్ గారు 1973 మే నెలలో జహీరాబాద్ విలేకరుల ముందు ప్రకటించారు. ఆయన గుమాస్తాను కాబట్టి మొదటి చప్పట్లు నావే.

ఝరాసంగం రోడ్డు మీద కంకర కొట్టే కూలీలకు ఆ గాజుగొట్టమే దిక్కు. ఎండ నలభై మూడు దాటిందని సారు రాస్తే పన్నెండు నుంచి మూడు దాకా విశ్రాంతి, కూలి కోత ఉండదు. రాయకపోతే సుత్తె దించేది లేదు.

శుక్రవారం సాయంత్రం సారు సకుటుంబంగా మహాబలేశ్వర్ కొండలకు బయల్దేరారు. శని, ఆదివారాలు చల్లగా గడిపి వస్తారట. థర్మామీటర్ కూడా జీపెక్కింది.

“సార్, అది ఇక్కడ ఉండాలేమో!”

“పేపర్లో పడ్డ మాటయ్యా, తప్పుతానా? రీడింగ్ రోజూ టెలిగ్రామ్ ఇస్తా. డ్యూటీ ఈజ్ డ్యూటీ.”

శనివారం సరిగ్గా పన్నెండింటికి టెలిగ్రామ్ అందింది: “జహీరాబాద్ ఇరవై డిగ్రీలు. పని సాగించండి.”

కంకర కుప్ప ఎక్కి చదివి వినిపించాను. కూలీల్లో పెద్దది నర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇరవై అంటే ఎంత సారూ?”

“చల్లగా ఉందని, నర్సమ్మా.”

“గట్లనా! మరి గా మల్లప్ప సలికి పడ్డడా?”

సొమ్మసిల్లిన మల్లప్ప నీళ్లు చల్లితే లేచాడు. రిజిస్టరులో ‘ఆహ్లాదకర వాతావరణం’ అని రాశాను.

సోమవారం సారు రాలేదు. అక్కడ ఆదివారం ఇంకా పూర్తి కాలేదని టెలిగ్రామ్. బుధవారానికి జహీరాబాద్ పద్దెనిమిదికి దిగింది. నేను రోజూ పంపే రిజిస్టరు నకలు చూసి పైవాళ్లు చలించిపోయారు. మే నెలలో ఇంత చలికి పేదలు ఏమైపోతారోనని శుక్రవారం పొద్దున లారీ నిండా కంబళ్లు పంపారు. మనిషికొకటి, వేలిముద్ర వేయించుకుని పంచాను.

పన్నెండింటికి ఒక్క సుత్తె చప్పుడు లేదు. పరుగెత్తి చూద్దును కదా, కర్రలు పాతి, కంబళ్లన్నీ పందిరిగా కట్టి, ఆ నీడలో నలభై మందీ కాళ్లు చాపుకుని ఉన్నారు.

“నర్సమ్మా, పనేదీ?”

“ఎట్ల జేస్తం సారూ? కాయితంల గింత సలి వెట్టవట్టె. కంబళ్లిడిసి బయటికొస్తే సర్కారు ఇజ్జత్ పోదా?”

“మరి రిజిస్టరులో ఏం రాయను?”

“సలి మస్తున్నదని రాయుండ్రి. జర ఎండ రానియ్యిండ్రి, లేస్తం.”