చైనా సదస్సులో లూపు లైను

చైనా అభివృద్ధి గురించీ, ప్రపంచంలో ఆ దేశం పోషించవలసిన పాత్ర గురించీ బిలాస్‌పూర్ పట్టణం తన అభిప్రాయం ప్రకటించబోతోందని తొంభై అయిదో సంవత్సరం నవంబరులో దయాల్‌బంద్ నుంచి కుదుదండ్ దాకా గోడలన్నిటి మీదా నీలిరంగు అక్షరాలు వెలిశాయి. ఆఖరి పంక్తి కొంచెం పెద్దది: 'పూర్తిగా విద్యార్థులే నిర్వహించు సదస్సు.' దాని కింద ఇంకా పెద్ద అక్షరాల్లో అధ్యక్షుల వారి పేరు, భాస్కరరావు.

భాస్కరరావు గారు విద్యార్థి ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్ళకి ఆయన సంగతి తెలియదన్నమాట. ఆయన ఒక రైల్వే కార్మిక సంఘానికి కార్యదర్శి, పార్టీకి జిల్లా ఉపాధ్యక్షుడు, నలభై తొమ్మిదేళ్ళ వయసులో యువజన విభాగానికి సలహాదారు. ఇన్ని చూసుకుంటూ కూడా సాయంకాలం లా కాలేజీలో పదిహేడేళ్ళుగా రెండో సంవత్సరం చదువుతున్నారు. చదువంటే అంత గౌరవం ఉన్న మనిషి తొందరపడి దాన్ని పూర్తి చేసుకోరు.

సదస్సుకి కార్యదర్శి తేజస్వి, ఎమ్మే విద్యార్థిని. ఉత్తరాలు రాయడం, హాలు మాట్లాడడం, కుర్చీలు తెప్పించడం, వక్తల్ని పిలవడం ఆ పిల్ల చేసింది. మిగతాదంతా అధ్యక్షుల వారు స్వయంగా చూసుకున్నారు. మిగతాదంటే ఫొటోలు.

ఈ సదస్సులో ఒక్క బహుమతి ఉంది. ఢిల్లీ నుంచి ప్రొఫెసరు ఒకాయన వచ్చి కూర్చుంటారు. పన్నెండు మంది విద్యార్థులు వ్యాసాలు చదువుతారు. అందులో మేలైనది రాసిన వాళ్ళు యువజన బృందంతో పది రోజులు చైనా వెళ్తారు. తేజస్వి ఆ ఊరికి పడమట నాగపూరు, తూర్పున పలాస దాటి ప్రపంచాన్ని చూడలేదు. మూడు నెలలు రాయపూరు లైబ్రరీకి లోకల్లో వెళ్ళి వచ్చి ఇరవై రెండు పేజీలు హిందీలో రాసింది. ఇంట్లో గోడకి చైనా పటం కొట్టింది. వాళ్ళమ్మ చిన్నతల్లి ఆ మేకుకే క్యాలెండరు కూడా తగిలించి, తేదీ చూసుకోవడానికి వచ్చినప్పుడల్లా కూతురు వెళ్ళే ఊళ్ళు కూడా చూసుకునేది.

తేజస్వి తండ్రి సన్యాసిరావు. రైల్వేలో సెక్షన్ కంట్రోలరు. చెవికి ఫోను తగిలించుకుని బల్ల ముందు కూర్చుని ఏ బండి ముందు పోవాలో, ఏది ఆగాలో చెప్పడం ఆయన ఉద్యోగం. మెయిలు వస్తుంటే ప్యాసింజరు పక్కనున్న లూపు లైన్లోకి తప్పుకోవాలి. ప్యాసింజరు వస్తుంటే గూడ్సు తప్పుకోవాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక్క మెయిలుని ఆపిన పాపాన పోలేదు. క్వార్టర్లో పొద్దున్న స్నానాల గది కూడా ఈ పద్ధతిలోనే నడిచేది. డ్యూటీకి పోయేవాళ్ళు ముందు, కాలేజీకి పోయేవాళ్ళు తర్వాత, చిన్నతల్లి మధ్యాహ్నం.

ఇలాంటి మనిషిని మించి టైము కాపాడేవాళ్ళు ఎవరుంటారని సదస్సులో గంటా, రిజిస్టరూ సన్యాసిరావు చేతికిచ్చారు. ఇవ్వమని చెప్పింది తేజస్వే.

సదస్సు పది గంటలకి మొదలైంది. ప్రారంభోపన్యాసానికి ఇరవై నిమిషాలు. భాస్కరరావు గారు గంటా యాభై నిమిషాలు మాట్లాడారు. చైనా పెద్ద దేశమన్నారు. అక్కడ జనం ఎక్కువన్నారు. చైనావాడు సముద్రం ఒడ్డున ఊరికొక జోను ఇచ్చాడనీ, అందుకే బాగుపడ్డాడనీ, బిలాస్‌పూర్‌కి ఒక్క రైల్వే జోను ఇవ్వడానికి ఢిల్లీకి చేతులు రావడం లేదనీ అన్నప్పుడు హాలు దద్దరిల్లింది. ఆ తర్వాత చైనా ప్రసక్తి రాలేదు. సన్యాసిరావు గంట జోలికి పోలేదు. మెయిలుకి ఎవరు గంట కొడతారు?

తేజస్వి వంతు పదకొండుంపావుకి. పదకొండున్నర దాటాక తండ్రి బల్ల దగ్గరికి వచ్చి, "నాన్నా, మేరా నంబర్ కబ్ ఆయేగా?" అని తన వంతు ఎప్పుడో అడిగింది.

"లూపులో పెట్టినానమ్మా. ఈ మెయిలు ఎల్లిపోనీ, లైను నీదే."

సబబుగానే ఉందని వెళ్ళి కూర్చుంది. కానీ మెయిలు వెనక ఇంకో మెయిలు వచ్చింది. పెద్ద ఆఫీసరు ఒకాయన దారిలో పోతూ దిగి, తాను జపాను వెళ్ళినప్పటి విశేషాలు చెప్పి, అది చైనాకి దగ్గరే అని ముగించారు. మాజీ శాసనసభ్యుడు ఒకాయన చైనా చూడాలని తనకి చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికని నలభై నిమిషాలు వివరించారు. కుర్చీలు పంపిన షామియానా యజమాని కుర్చీల గురించి మాట్లాడారు. వచ్చినవాళ్ళకి శాలువాలు కప్పారు, కప్పినవాళ్ళకి దండలు వేశారు.

ఎవరు మెయిలో, ఎవరు ప్యాసింజరో సన్యాసిరావు తడుముకోలేదు. గుమ్మం దగ్గర ఆగే బండిని బట్టి లెక్క కట్టారు. తెల్ల అంబాసిడరు మెయిలు, జీపు ప్యాసింజరు. స్కూటరు మీద వచ్చినవాళ్ళు గూడ్సు. తేజస్వి సైకిలు మీద వచ్చింది.

ముందు వరసలో ప్రొఫెసరు గారు నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. మూడు గంటలకి, వ్యాసాలు ఎప్పుడని మర్యాదగా అడిగారు. ఆయన రైలు అయిదుకి పావు తక్కువకి. మూడున్నరకి గుమ్మం దగ్గర ఒక్క బండీ లేదు. సన్యాసిరావు రెండు వైపులా చూసి కూతురికి చెయ్యూపారు. తేజస్వి వేదిక ఎక్కి, మైకు కిందికి దించుకుని, మొదటి పేజీ తెరిచింది. చూడండి, ముప్పై ఏళ్ళ సర్వీసున్న అంతటి మనిషికీ ఆ క్షణంలో కళ్ళు చెమర్చాయి.

అప్పుడే కబురు వచ్చింది. మంత్రిగారు రాయపూరులో ఎప్పుడో బయల్దేరారు, ఏ నిమిషంలోనైనా రావచ్చు.

పెద్ద బండి వస్తోందని తెలిశాక మెయిను లైను మీద ఏదీ ఉండకూడదు. అది సన్యాసిరావు పెట్టిన నియమం కాదు, ఆయన నెత్తురులో ఉన్నది. ఆ రోజు గంట మోగింది అదొక్కసారే. తేజస్వి తండ్రి వైపు చూసి, పేజీలు సర్దుకుని దిగిపోయింది. మంత్రిగారి కారు నాలుగూ పదికి హాలు ముందు నుంచే ఆగకుండా కోర్బా వైపు వెళ్ళిపోయింది. ప్రొఫెసరు గారు నాలుగుంపావుకి లేచారు. రిజిస్టరు పంపితే దాన్ని బట్టి నిర్ణయిస్తామని చెప్పి స్టేషనుకి వెళ్ళారు.

ఇంక పన్నెండు వ్యాసాలూ మిగిలాయి. పూలదండలు వాడుతున్నాయి. యూనియన్ మీటింగుల్లో పండిపోయిన భాస్కరరావు గారికి ఇది ఒక లెక్కే కాదు. పన్నెండు వ్యాసాల్నీ చదివినట్టుగా భావించి ఆమోదిద్దామని ప్రతిపాదించారు. పదకొండు మంది విద్యార్థులు రెండేసి చేతులు ఎత్తారు. వాళ్ళలో ఏడుగురు అసలు రాయలేదు. అధ్యక్షుల వారి అబ్బాయి రోహన్ వ్యాసానికి పేరూ, మంచి ఫైలూ మాత్రం ఉన్నాయి. తేజస్వి చెయ్యి ఎత్తలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది.

రిజిస్టరు సన్యాసిరావు రాశారు. లేటైన బండిని కాగితం మీద నాలుగు స్టేషన్లలో కొంచెం కొంచెంగా సర్ది రైట్ టైముకి చేర్చడం ఆయన సొంత విద్య, ఎవరూ నేర్పలేదు. భాస్కరరావు గారి గంటా యాభైని ఇరవై చేశారు. పన్నెండు వ్యాసాలకీ తలా పావుగంట ఇచ్చారు. కూతురి పేరు దగ్గర కలం మార్చి, 'పూర్తిగా చదివెను, సభ హర్షించెను' అని గుండ్రంగా రాశారు. తన చేతనైన న్యాయం చేశాననే అనుకున్నారు. మర్నాడు పత్రికలు సదస్సు గడియారంలా నడిచిందని మెచ్చుకున్నాయి.

మూడు వారాలకి ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. రిజిస్టరు ప్రకారం పన్నెండు వ్యాసాలూ సమానంగా చదవబడి, సమానంగా హర్షించబడినందున అధ్యక్షుల వారి సిఫారసు మేరకు రోహన్‌ని ఎంపిక చేశామని. మిగతా పదకొండు మంది దగ్గరా సభ హర్షించిందని రాసింది కూడా సన్యాసిరావే. ఒక్క కూతురికే రాస్తే బాగుండదనుకున్నారు.

తేజస్వి ఆ పూట అన్నం తినలేదు. గోడ మీద పటం తీసేసింది. క్యాలెండరు కింద పడితే చిన్నతల్లి తీసి, మొగుడి ముందు పెట్టి, "రోహన్ చదవలేదని రాయొచ్చు కదా, ఏటి అడ్డం?" అంది.

"అలగ రాస్తే మన పిల్లా చదవలేదనే రాయాలి."

"చదివిందేటి మరి?"

సన్యాసిరావుకి సిగ్గేసింది. రెండు రోజులు డ్యూటీలో ఉన్నా ఆ మాటే వినబడింది. మూడో రోజు కాగితం తీసి, నా రిజిస్టరు అబద్ధం, ఆ రోజు ఎవరూ ఏ వ్యాసమూ చదవలేదు, చదవడానికి ఎక్కిన ఒకే ఒక్క అమ్మాయిని గంట కొట్టి దింపినవాణ్ణి నేనే అని ప్రొఫెసరు గారికి రాసి, సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. సర్వీసులో ఆయన సర్దకుండా రాసిన మొదటి కాగితం అది.

భాస్కరరావు గారికి ఈ సంగతి తెలిసింది. కోపం తెచ్చుకోలేదు. సత్యం పలికే మనుషులు మన యూనియన్లో ఉన్నారని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయారు. ఢిల్లీకి ఫోను కూడా చేశారు.

రెండో ఉత్తరంలో ప్రొఫెసరు గారు సన్యాసిరావు నిజాయితీని కొనియాడారు. ఆ ఉత్తరం అందాక రోహన్ ఎంపిక రద్దు చేశామన్నారు. సదస్సులో ఏ విద్యార్థీ వ్యాసం చదవలేదు గనక, చైనా మీద సభాముఖంగా మాట్లాడిన విద్యార్థి ఒక్కరే ఉన్నారు గనక, లా రెండో సంవత్సరం చదువుతున్న శ్రీ భాస్కరరావుని యువజన బృందానికి ఎంపిక చేశామన్నారు. వయసు విషయంలో సడలింపు ఉంది.

ఆ ఆదివారం భాస్కరరావు గారు స్వయంగా సన్యాసిరావు క్వార్టరుకి వచ్చారు. సాయంత్రం అయిదింటికి ఆయనకి సన్మానం, ఆ వెంటనే ఢిల్లీ రైలు. చిన్నతల్లి టీ ఇచ్చింది, పంచదార వేసిందో లేదో చెప్పలేం. ఆయన కుర్చీలో సర్దుకుని, చైనాలో ఒక పేపరు చదవమంటున్నారని చెప్పారు.

"అమ్మా తేజస్వీ, నీదుంది కదా. ఎక్కడా చదవలేదు గనక కొత్తదే. ఇలాగియ్యి. బిలాస్‌పూర్ పేరు నిలబడతాది."

తేజస్వికి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. "బాబాయ్, మీరు చదివారా దాన్ని?" అంది.

"విమానంలో చూసుకుంటాను."

తేజస్వి తండ్రి వైపు చూసింది. పెద్ద బండి గుమ్మంలో ఉంది, తెల్ల అంబాసిడరే. డ్రైవరు హారను కొట్టాడు. సన్యాసిరావు లేచి వీధి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"వింటే ఇస్తాది, భాస్కర్రావు గారూ. లేకపోతే లేదు. చదవమ్మా."

తేజస్వి నిలబడి చదవడం మొదలుపెట్టింది. ముప్పై ఏడేళ్ళ కిందట చైనాలో ఒక పంటకాలం గురించి ఆ వ్యాసం. ఊళ్ళో వంద బస్తాలు పండితే పైవాడు మెచ్చుకోవాలని ఊరి లెక్కల్లో రెండు వందలని రాశారు. రెండు వందలని వచ్చినదాన్ని పై ఆఫీసు అయిదు వందలంది, జిల్లా వెయ్యంది. ఎవరూ గట్టిగా అబద్ధం ఆడలేదు, తలా కొంచెం సర్దారంతే. రాజధానిలో వెయ్యి బస్తాలకి పండగ చేసుకుని, ఆ వెయ్యికి తగ్గ వాటా ఊరి నుంచి తోలుకుపోయారు. పండినదే వంద. ఊళ్ళో వాళ్ళకి తినడానికి ఏమీ మిగల్లేదు. ఆకలితో చచ్చిపోయినవాళ్ళు ఎంతమందో కూడా తగ్గించే రాశారు.

సన్యాసిరావు ఆ వ్యాసం వినడం అదే మొదటిసారి. పూర్తిగా చదివెనని గుండ్రంగా రాసిన వేళ్ళని పంచె మడతలో దాచుకుని తలొంచుకు కూర్చున్నారు. చిన్నతల్లి వంటింటి గుమ్మంలో గోడకి చేరబడి అంతా వింది. బయట హారను మోగుతూనే ఉంది, ఎవరూ లేవలేదు.

ఇరవై రెండు పేజీలూ అయ్యాయి. భాస్కరరావు గారు మధ్యలో వాచీ చూసుకోవడం మానేసి మరీ విన్నారు. ఆయన మొహం మెల్లగా మారింది. టీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించారు.

"అచ్ఛా. ఇది మన యూనియన్ మెంబర్‌షిప్పు లెక్కల సంగతే కదమ్మా. ధాన్యమని పేరు మార్చేస్తే నాకు తెలీదనుకున్నావేటి? లోపలి మాటలు నీకు ఎవరు చెప్పారో తర్వాత కనుక్కుంటాను గాని, ఇలాటివి పై దేశంలో చదివితే బాగోదు. చైనా గురించి రాసింది ఏదైనా ఉంటే ఇయ్యి."