తరఫు మాట

సెలూన్ నడిపే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ కబుర్లాయన అంటారు. చేతిలో కత్తెర ఆగినా నోరు ఆగదు. ఆ ఆదివారం పొద్దున ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. రిటైరైన మాస్టారికి గడ్డం గీసేసి, కొట్టు కట్టేసి, వెనక గదిలో కంటినిండా నిద్రపోవడం.

పగలంతా వచ్చినవాళ్లకు కబుర్లు పంచిపెట్టాక, పొరుగూళ్లో ఉండే అక్క కోసం ఆయన దగ్గర ఒక్క మాటా మిగిలేది కాదు. అందుకే నిరుడు ఫోన్ కంపెనీ వాళ్లు ‘తరఫు మాట’ అనే సదుపాయం తెస్తే ఎగబడి తీసుకున్నాడు. మన గొంతుతో, మన ధోరణిలో ఫోనే మాట్లాడేస్తుంది. ఆదివారం ఆదివారం అక్కతో మాట్లాడే పని దానికి అప్పజెప్పి, ఆవిడ ఏమన్నా అలాగే అనమనీ, మనసు నొప్పించొద్దనీ చెప్పి ఊరుకున్నాడు. అమ్మ పోయాక తనను చంకనెత్తుకు పెంచిన అక్క ఆవిడ. ఆ మాట అప్పుడప్పుడూ గుచ్చుకునేది గానీ, గిరాకీ రాగానే మరిచిపోయేవాడు.

మాస్టారి ముఖానికి నురుగు పట్టించి ఒక చెంప గీశాడో లేదో, కొట్టు ముందు వ్యాను ఆగింది. ముందు ఇనప మంచం దిగింది, తర్వాత కుట్టుమిషను, ఆ వెనకే అక్క.

"వచ్చేశాన్రా. ఇన్నిసార్లు రమ్మన్నావు కదా, అద్దె ఇల్లు ఖాళీ చేసేశాను."

కబుర్లాయనకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోట మాట రాలేదు. అక్క చేతిలో ఒక బుట్ట ఉంది. అందులో పాత చీర మెత్తగా పరిచి ఉంది. తమ్ముడు పెంచుకుంటున్న పిల్లికి పడకట. ఏదీ ఆ పిల్లి, అని చుట్టూ చూస్తోంది.

ఆ పిల్లి తన ఫోను కల్పించిందే అయ్యుంటుంది; లేదంటే మిగతావన్నీ బయటపడతాయి. ఇప్పుడే తెస్తానని చేత్తోనే చెప్పి, మాస్టారిని అర గడ్డంతో వదిలేసి, పిల్లిని పెంచే దర్జీ ఇంటికి పరుగెత్తాడు. దర్జీ లేడు గానీ పిల్లి ఉంది. ఎత్తుకొస్తుంటే అది ఆయన ముఖమంతా గీరేసింది. ఆ వెనకే దర్జీ భార్య తిట్టుకుంటూ బయల్దేరింది. ఈలోగా వ్యాను డ్రైవరు మంచాన్ని లోపలికి తోయబోతే అది గుమ్మంలో ఇరుక్కుపోయింది. లోపలున్న మాస్టారు బయటికి రాలేడు, బయటున్న కబుర్లాయన లోపలికి పోలేడు. ముఖం మీద నురుగు ఎండిపోతోందని మాస్టారు గోల. పిల్లి కబుర్లాయన చేతుల్లోంచి దూకి, మంచం సందులోంచి దూరి, నురుగు గిన్నెను బోర్లా కొట్టింది. వీధి వీధంతా పోగైంది.

ఇంత రభసలోనూ అక్క మెట్టు మీద కూర్చుని అందరికీ చిరునవ్వుతో తలూపుతోంది. దర్జీ భార్య అక్కాతమ్ముళ్ల వంశాన్నంతా కడిగేస్తున్నా తలూపింది.

చివరికి మంచం లోపలికొచ్చింది, పిల్లి వాళ్లింటికి పోయింది, మాస్టారు రెండో చెంప గీయించుకుని అలిగి వెళ్లిపోయాడు. ఇక దాచడం కబుర్లాయన వల్ల కాలేదు. కిటికీలోంచి వీధి చూస్తున్న అక్క వెనకాల నిలబడ్డాడు.

"అక్కా, ఇన్నాళ్లూ నీతో మాట్లాడింది నేను కాదే."

అక్క కదల్లేదు. భుజం తట్టి మళ్లీ చెప్పాడు.

"అలాగేరా," అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక ఆయనకు అనుమానమొచ్చింది. తన చెవి మీద వేలు పెట్టి అడిగాడు. అక్క తల దించుకుంది.

"నిరుడే పోయిందిరా వినికిడి. నీకు తెలిస్తే బెంగపెట్టుకుంటావని, నీతో మాట్లాడే పని నేనూ నా ఫోనుకే అప్పజెప్పాను. అయ్యాక రెండు ముక్కలు రాసి చూపించేది. తమ్ముడు కులాసా, పిల్లి కులాసా, రమ్మంటున్నాడు, అని."

అంటే ఇన్నాళ్లూ కులాసాగా ఉన్నవి ఫోన్లు రెండే. ఆయన వేలితో నురుగు తీసి అద్దం మీద రాశాడు: మాట్లాడింది నేను కాదు.

అక్క అద్దం దగ్గరికొచ్చి చదివింది.

"మరి నన్ను రమ్మన్నదెవర్రా?"

చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా ఆయన నోటిదాకా వచ్చాయి. వాటిని వినే చెవులు లేవు. ఆయనకు ఏడుపొచ్చింది. తువ్వాలుతో అద్దం తుడిచి మళ్లీ రాశాడు: నేనే.

అక్క చదువుకుంది. నమ్మిందో లేదో గానీ, పిల్లి లేని బుట్టను మంచం కింద సర్దుకుంది.

అలమరలో ఆయన ఫోను మోగి, దానంతటదే ఎత్తింది. ఆదివారం కదా, అక్క సంచిలోని ఫోను క్షేమసమాచారాలు అడుగుతోంది.