దొరలు చూసిన అడవికోడి

డెబ్బై ఎనిమిదిలో ఒక శనివారం. ఇమ్మానుయేలు మాస్టారు ఆ రోజుకి రెండు పనులు పెట్టుకున్నాడు. పొద్దున్నే దొరలకు కె.ఆర్.పురం చెరువు దగ్గర పాలపిట్టను చూపించడం, మధ్యాహ్నం వాళ్ళకు ఇంట్లో నాటుకోడి కూర పెట్టడం. పక్షులు చూడ్డానికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ బృందాన్ని పాస్టరు సుందరరావుగారు అతనికే అప్పగించారు. తప్పంతా ఇమ్మానుయేలు నోటిదే. "నాకు తెలీని పిట్ట ఈ చుట్టుపక్కల లేదండీ" అని చర్చి ముందు అందరూ వింటుండగా కోతలు కోశాడు. ఇప్పుడు ఒక్క రంగుల పిట్టయినా కనబడకపోతే రేపు ఆరాధనకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

బయలుదేరబోతుంటే భార్య సారమ్మ వచ్చింది. "కూరకని మూసిపెట్టిన పుంజు గంప తోసేసి యాడికో పోయుండాది. రోంత ఎతకండి."

"నీ కోడిని నువ్వు చూసుకో, నా పిట్టల్ని నేను చూసుకుంటా" అని వెళ్ళిపోయాడు.

చెరువు దగ్గర కాకులున్నాయి, కొంగలున్నాయి. పాలపిట్ట మాత్రం లేదు. ఎండెక్కింది. దొరలు మర్యాదగా ఆవలించారు.

అంతలో పొదలు కదిలాయి. బంగారు మెడ, ఎర్రని జుట్టు, నల్లపచ్చని తోక. దుర్భిణీలన్నీ ఒక్కసారిగా లేచాయి. "అడవికోడి" అని ఒక దొర ఇంగ్లీషులో గుసగుసలాడాడు. ఇమ్మానుయేలు మాత్రం చూడగానే గుర్తుపట్టాడు. అది సారమ్మ పుంజు.

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. కానీ బట్టతల దొర కళ్ళు సంతోషంతో చెమ్మగిల్లడం చూసి మూసేశాడు.

"ఇది ఇక్కడ అరుదా?" అని బృందం నాయకురాలు మిస్ పార్కర్ అడిగింది. ఒకప్పుడు కోలారు వైపు మిషను ఆసుపత్రిలో పనిచేసి తెలుగు నేర్చుకున్న మనిషి.

"ఈ గట్టు మీద నేనెప్పుడూ చూళ్ళేదమ్మా" అన్నాడు. అక్షరాలా నిజమే.

దొర ఒకడు ఫోటో కోసం బురదలో బోర్లా పడుకున్నాడు. ఈ సంగతి తెలిసి పాస్టరుగారు పరుగున వచ్చారు, వస్తూనే ప్రార్థన చేశారు. "దీన్నెవరూ కోసుకు తినకుండా మన సంఘమే కాపాడాలప్పా" అన్నారు. ఇమ్మానుయేలుకు మింగుడుపడలేదు.

ప్రార్థన వేడి చల్లారకముందే గట్టు అవతల నుంచి సారమ్మ గుప్పెడు నూకలతో వచ్చింది. "బా బా బా" అంది. అడవికోడి పరుగెత్తుకెళ్ళి ఆమె చంకలో దూరింది. దుర్భిణీలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఇమ్మానుయేలు భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాడు.

మిస్ పార్కర్ తాపీగా తనవాళ్ళ వైపు తిరిగి, ఆవిడ అడవి పక్షులను చేరదీసి సాకుతుందని ఇంగ్లీషులో చెప్పింది. దొరలు టోపీలు తీశారు. పాస్టరుగారు మా సంఘం మనిషేనని గర్వపడ్డారు.

తర్వాత మిస్ పార్కర్ ఇమ్మానుయేలును పక్కకు పిలిచింది. "వీధిలో కోళ్ళు కలిసిపోకుండా కాలికి చీర పేలిక కడతారు కదా. దీని కాలికున్నది మొదటే చూశాను."

"మరి చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

"ఇంత దూరం తీసుకొచ్చి వీళ్ళకి కాకుల్నే చూపిస్తున్నాను నాయనా. పరువు మీకొక్కరికేనా?"

ఆ మధ్యాహ్నం అందరూ పప్పుచారుతోనే తిన్నారు. పుంజును కోయడానికి సంఘ పెద్దలు చివరిదాకా ఒప్పుకోలేదు.