పొట్ట పీల్చని మనిషి

ముద్రల బావ వల్ల ఈ వీధిలో అందరూ బాగుపడ్డారు. నష్టపోయినవాడు దర్జీ ఒక్కడే. అది కూడా నష్టం కాదనీ, విముక్తి అనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది కాబట్టి, దర్జీ ప్రస్తుతం నిబంధనలకు విరుద్ధంగా బాధపడుతున్నట్టు లెక్క.

ముద్రల బావ అంటే దర్జీ అక్క మొగుడు. ముప్పై నాలుగేళ్లు హెడ్ గుమాస్తాగా చేసి, రబ్బరు ముద్రలున్న సొరుగు తాళంచెవిని మెడలో వేసుకు తిరిగిన మనిషి. రిటైరయిన మూడో వారం, గడ్డం గీసుకుంటూ ఉండగా ఆయనకు ఒక సత్యం తట్టింది. మన బుర్రలో ఉన్న ఒక్క ఆలోచనా మనది కాదు, అంతా సమాజం కూరిపెట్టిందే. వెంటనే మనోవిముక్తి సంఘం స్థాపించి, ఎవరి బుర్రతో వాళ్లు ఆలోచించుకోవడానికి ముప్పై రెండు నియమాలు రాసి, కింద ముద్ర వేశారు.

సంఘం పని పద్ధతిగా సాగింది. ఆదివారం ఉదయం పదింటికి హాజరు పట్టీ. సభ్యులు వారం పొడుగునా ఆత్మపరిశీలన చేసుకుని, తమలో దొరికిన లోపాలను నోటుపుస్తకంలో రాసి దిద్దించుకోవాలి. మందుల షాపాయన తీరిక లేక పక్కాయన పుస్తకం చూసి ఎక్కించాడు. తోడల్లుడే లేని ఆయనకు తోడల్లుడి మీద పట్టరాని అసూయ ఉన్నట్టు బయటపడింది. అంత లోతుకు తవ్వుకున్నందుకు పదికి తొమ్మిది వేశారు. దర్జీ మాత్రం, తనకు బావంటే ఒళ్లుమంట అని ఉన్నదున్నట్టు రాశాడు. సంఘాధ్యక్షుల మీద అభిప్రాయం ఆత్మ కిందికి రాదని వివరించి రెండు మార్కులు వేసి, అక్షరదోషాలకు ఒకటి కోశారు. అయిదో తరగతిలో బడి మానేసినవాడికి ఒకటి రావడం తక్కువేం కాదని మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత దుస్తుల తీర్మానం వచ్చింది. బట్టల మీద మోజు వదిలేసినవాళ్లని చూడగానే తెలియాలి కదా. అందుకని సభ్యులందరికీ ఇస్త్రీ లేని బూడిదరంగు చొక్కా, దానికి ఒక గుండీ వేరే రంగుది. కుట్టుబడి తీసుకోకపోవడం దర్జీ వంతు సేవ. వారం తిరక్కుండా సభ్యులు ఒక్కొక్కరే షాపుకొచ్చి, గొంతు తగ్గించి, తన చొక్కా మందుల షాపాయన చొక్కా కంటే ఇంకాస్త నిర్లక్ష్యంగా కనిపించాలని చెప్పి వెళ్లారు. మందుల షాపాయన రెండుసార్లు వచ్చాడు.

ఇక్కడ దర్జీ వృత్తి రహస్యం ఒకటి చెప్పక తప్పదు. నడుముకు టేపు చుట్టగానే పొట్ట లోపలికి పీల్చని మనిషిని అతను ఇరవయ్యారేళ్లలో చూడలేదు. పీల్చిన కొలతను బిగ్గరగా చదివి, చీటీ మీద గుట్టుగా రెండంగుళాలు కలిపి రాసుకోవడమే అతని పనితనం. బావ వచ్చిన రోజున మాత్రం అతనికి చిన్న ఆశ కలిగింది. ఇంత విముక్తుడు కదా, ఈయనైనా పొట్టను దాని మానాన వదిలేస్తాడేమోనని. "దేహం నాది కాదు బామ్మర్దీ, ఎంతుంటే అంత రాసుకో" అంటూనే బావ మూడంగుళాలు పీల్చారు.

దర్జీ మూడూ కలిపే కుట్టాడు. అక్క మొగుడాయె.

చివరికి బావ చూపు వెనక గది మీద పడింది. షాపు వెనక ఉన్న ఆ గదిలోనే దర్జీ గుడ్డ పరిచి కత్తిరిస్తాడు. కిటికీ పక్కన కూర్చుని అతని భార్య కాజాలు కుడుతుంది. ఆ షాపు మొత్తానికి వెలుతురొచ్చే చోటు అదొక్కటే. 'నాది' అనే మాట సమాజం నేర్పిందే కాబట్టి, ఆ గదిని సంఘానికి రాసిచ్చి బంధం తెంచుకునే తొలి అవకాశాన్ని దర్జీకే దయచేస్తున్నట్టు ప్రకటన వెలువడింది.

"ఇవ్వనని చెప్పి రండి," అంది భార్య దారం కొరుకుతూ. "ఆ ఒక్క మాటకి ముప్పై రెండు నియమాలు అక్కర్లేదు."

"చెప్తానే. అందులో ఏముంది?"

"అక్కడికెళ్లాక మీకు నోరు పెగలదు. గుడ్డ తక్కువొచ్చిందని చెప్పడానికే నీళ్లు నములుతారు."

దర్జీ దారి పొడుగునా 'ఇవ్వను, ఇవ్వను' అనుకుంటూ వెళ్లాడు. సభలో బావ గంటసేపు మాట్లాడారు. ఎవరేమనుకుంటారో అన్న భయమే బానిసత్వమన్నారు. "ఆ భయం లేనివాడు ఇదిగో, మన మధ్యే ఉన్నాడు" అని దర్జీ వైపు చెయ్యి చాపారు. నలభై బూడిదరంగు చొక్కాలు అతని వైపు తిరిగాయి. దర్జీ నోరు తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

సరిగ్గా అప్పుడు మందుల షాపాయన, "పోనీండి, బలవంతపెట్టకండి. పాపం, ఆయనింకా అంత ఎదగలేదు," అన్నాడు జాలిగా.

దర్జీ లేచి వెళ్లి సంతకం పెట్టాడు. పెడుతూ ఉండగా ఒంటిమీది చొక్కా ఉన్నట్టుండి వదులైనట్టు తోచి కిందికి చూసుకున్నాడు. పొట్ట లోపలికి పోయి ఉంది. ఎప్పుడు పీల్చాడో అతనికే తెలియదు. చప్పట్లు ఆగేదాకా ఊపిరి వదల్లేదు.

వీధిలో తొలి విముక్తుడిగా అతనికి ధ్రువపత్రం ఇచ్చారు. ముద్ర కాస్త వంకరగా పడింది, అది బావ నిరాడంబరత. ఒకేచోట కూర్చుంటే చోటు మీద మమకారం పెరుగుతుందని నెల తిరక్కుండా సమావేశాలు రద్దు చేశారు. గదిలో ఇప్పుడు మందుల షాపు పెట్టెలున్నాయి. అద్దె ఎవరికి వెళుతోందని అడగడం బంధనం కిందికి వస్తుంది. దర్జీ భార్య షాపు ముందు మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల కాళ్ల మధ్య నుంచి పడే వెలుతురులో కాజాలు కుడుతోంది. ఆ రోజు నుంచి అతన్ని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని అతనికుంది.

మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి పొట్ట వదిలేసి హాయిగా చదువుతున్నారు. ఎవరైనా తలుపు తట్టనివ్వండి, అప్పుడు చూసుకుందాం.

వెనక గది తాళంచెవి బావ చేతికిచ్చే ముందు దర్జీ ఆ గదిని తన టేపుతోనే కొలిచి చీటీ మీద రాసుకున్నాడు. ఏమీ కలపాల్సిన పని పడలేదు. ఇరవయ్యారేళ్లలో, టేపు పడ్డాక ఊపిరి బిగబట్టనిది అతనికి అదొక్కటే దొరికింది: పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడడుగుల మూడంగుళాలు.