పద్మాబాయి రేడియోలో పాడిన రోజు

ఆదోనిలో సైన్సు అయ్యవారు సేతుమాధవరావుకు ఆ పొద్దున ఒకే ఒక్క పని, తొమ్మిదింటికి రేడియో పెట్టడం. భార్య పద్మాబాయి కడప రేడియో స్టేషనుకు వెళ్లి పాడివచ్చిన దేవరనామాలు, అంటే కన్నడ దాసుల కీర్తనలు, ఆ పూటే ప్రసారం. పెళ్లయినప్పటి నుంచీ వంటింటి గోడలకే పాడుకున్న మనిషి, మొదటిసారి నలుగురూ వినేలా పాడింది. "మీరు ఒక్కసారి కూచుని వింటే చాలు," అని ఆయన్ని అడిగి, వీధిలో వాళ్లందరినీ పిలిచింది.

సేతుమాధవరావు స్నానం చేసి, కర్రతో దండెం మీది మడిపంచె దించి కట్టుకుని, పూజ ముగించి, అరగంట ముందే రేడియో తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. లైటు వేసి చూస్తే అదీ అంతే.

"మళ్లీ పోయినాది! ఈ కరెంటోళ్లకు పొద్దూ మాపూ లేదా?"

పక్కింటి నాగమ్మ అప్పటికే చాప మీద చోటు చూసుకుని కూర్చుంది. "సారూ, మెయిన్ స్విచ్చి సూడరాదా?"

"ఆ గోడ దగ్గరికి ఎవరూ పోవద్దు! పైన మడిబట్టలున్నాయి. తగిలితే మళ్లీ తడిపి ఆరేయాల. అయినా కరెంటు పాఠం చెప్పేది నేనమ్మా!"

నిజమే. కాకపోతే ఆ పాఠంలో మడిబట్టలు ఉండవు.

చొక్కా తగిలించుకుని సైకిలెక్కి కరెంటాఫీసుకు పరుగు తీశాడు. ఒక్క ఇంట్లో పోయిందంటే వాళ్లు సాయంత్రం దాకా కదలరని ఆయనకు తెలుసు. అందుకని, "వీధంతా పోయినాది! తీగ తెగి నిప్పులు రాలుతాండాయి!" అని కేకలు పెట్టాడు. పట్టపగలు ఎవరింట్లో కరెంటుందో ఎవరికి తెలుస్తుంది? లైన్‌మన్ ఉరుకుందప్ప టీ గ్లాసు అక్కడే వదిలేసి నిచ్చెన భుజానేసుకున్నాడు. ఆ చురుకుదనం చూసి సేతుమాధవరావు తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఇంటికొస్తే చాపలు ఖాళీ. నాగమ్మ తన గుమ్మంలోంచి చేతులూపుతోంది. "బిరీన రాండి సారూ! మా ఇంట్లో కరెంటుండాది. అమ్మ పాట వస్తాంది!"

లోపల తంబూరా మొదలైంది. పద్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని రేడియో ముందు కూర్చుంది. సేతుమాధవరావు వెనక్కి తిరిగి, ఉరుకుందప్ప ఎక్కుతున్న స్తంభం వైపు పరిగెత్తాడు.

"ఉరుకుందప్పా! ఆగప్పా, ఫ్యూజు తీయొద్దు!"

"తీసేసినా సార్!" పైనుంచి అభయం వచ్చింది. "బయపడొద్దు. వీధి మొత్తం ఆపేసినా!"

"మళ్లీ ఇచ్చేయప్పా, నీకు పుణ్యముంటాది!"

"తెగిన తీగ యాడుండాదో సూడకుండా ఇస్తే పానాలు పోతాయి సార్!"

తెగని తీగను వెతకడానికి చాలాసేపే పట్టింది. నాగమ్మ ఇంట్లో పాట మధ్యలోనే ఆగిపోవడంతో పద్మాబాయి లేచి ఇంటికొచ్చేసింది. వెనకే వీధంతా వచ్చింది. చివరికి ఇరుగుపొరుగు ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయి, ఈ ఇంట్లో తప్ప.

పద్మాబాయి గోడ వైపు చూసింది. మెయిన్ స్విచ్చి పిడి కిందికి వాలి ఉంది. దానికి మడిపంచె అంచు దారం ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. పొద్దున పంచె దించిందెవరని ఆమె అడగలేదు. అడిగినా బాగుండేదనిపించింది ఆయనకు. ఆమె అదే కర్ర తీసుకుని పిడిని పైకి తోసింది.

రేడియో గొంతు సవరించుకుంది. "ఇంతవరకు మీరు శ్రీమతి పద్మాబాయి పాడిన దేవరనామాలు విన్నారు."

వీధంతా సేతుమాధవరావు వైపు తిరిగింది.

"చానా బాగా పాడినావు," అన్నాడాయన.